రెండు పెన్నీల బల్ల

బేసింగ్‌స్టోక్,
సెప్టెంబరు 14

అమ్మాయ్ వల్లీ,

మీ అత్తయ్య తద్దినానికి నువ్వు పంపిన కార్డు సరిగ్గా ఆ రోజుకే అందింది. పోస్టు వచ్చేసరికి హర్ష ఆఫీసుకి వెళ్ళిపోతాడు కాబట్టి తలుపు దగ్గర పడ్డది నేనే తీసుకున్నాను. శాంతకుమారి ఫొటో పక్కన పెట్టాను. ఒక్కటే బాధ. పైన ‘అంకుల్ గారికి’ అని రాశావు. కోర్టు వాళ్ళు నీకూ హర్షకీ విడాకులిచ్చారు. నీకూ నాకూ ఎవరూ ఇవ్వలేదే! ఆరేళ్ళు మావయ్య గారూ అని పిలిచి ఇప్పుడు అంకుల్ అంటే, టెస్కో షాపులో కనపడ్డ ఏ కుర్రాడో పలకరించినట్టుంది. ఇంకోసారి అలా రాయకు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోన్ చెయ్యొచ్చుగా అనుకుంటావేమో. నా కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమదానికి డాక్టరు దగ్గర మిషనిచ్చారు. ఫోన్లో నువ్వు చెప్పేదాంట్లో సగం వినపడదు. ఆ సగాన్ని మళ్ళీ చెప్పించుకోవాలంటే మొహమాటం. మెసేజ్ పెడదామంటే నా టాబ్లెట్ హర్ష ఫోనుకి కలిపి ఉంది. డాక్టర్ అపాయింట్‌మెంట్లు మర్చిపోతున్నానని వాడే అలా పెట్టాడు. నీ పేరు చూస్తే వాడేం అరవడు. ప్లేటు తీసుకుని మేడమీదికి పోతాడు. అంతకంటే అరిస్తేనే నయం.

అసలు సంగతికి వస్తాను. మీ అత్తయ్య పోయాక, మా ఇద్దరి రమ్మీ ఆగిపోయిందని నేను పేక కట్ట బీరువాలో పడేస్తే, నువ్వు వంటింటి బల్లమీద వేరుశనగ గుళ్ళు పోసి అయిదు ముక్కల పోకర్ నేర్పావు కదా. ఇప్పుడది కంప్యూటర్లో ఆడుతున్నాను. రెండు పెన్నీల బల్ల. అంతకంటే చిన్న పందెం లేదుట. పది పౌన్లు వేశాను. అవి అయిపోతే ఆట కట్టేసి మళ్ళీ ముట్టుకోనని శాంత ఫొటో ముందు అనుకున్నాను. ఇప్పటికే సగం కరిగిపోయాయి. ముప్పయ్యేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో కోబాల్‌లో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసినవాణ్ణి, ముక్కు మొహం తెలియనివాళ్ళ చేతిలో పెన్నీ పెన్నీ ఓడిపోతుంటే తల తీసేసినట్టుంది. ఏం తప్పు చేస్తున్నానో చెప్పు. శనివారం మూడింటికి, హర్ష బ్యాడ్మింటన్‌కి పోయాక ఆడతాను.

ఆశీస్సులతో,
మావయ్య
సూర్యప్రకాశరావు


హేస్,
సెప్టెంబరు 20

మావయ్య గారికి,

నమస్కారం. ఇదిగో, రాశాను. రాసి చాలాసేపు ఆ రెండు మాటల్నే చూస్తూ కూర్చున్నాను. కార్డు మీద ఏమని రాయాలో తెలియక మూడు కార్డులు పాడుచేశానని మీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

మీ జబ్బేమిటో నాకు చూడకుండానే తెలుసు. దాని పేరు రమ్మీ. వంటింట్లో కూడా ఇంతే. చేతిలో రాణుల జత ఉంటే అందులో ఒక రాణిని పారేసి, ఆరూ ఏడూ ఎనిమిదీ పట్టుకుని వేలాడేవారు. రమ్మీలో జతకి విలువ లేదు, సీక్వెన్స్ లేకపోతే షో లేదు, ఒప్పుకుంటాను. ఇక్కడ జతే బంగారం. పైగా రమ్మీలో ముక్క రాకపోతే ఇంకో ముక్క, అదీ కాకపోతే ఇంకోటి తీస్తూ ఉండొచ్చు. ఇక్కడ మార్చుకునేది ఒక్కసారే. అయిదూ ఆరూ ఎనిమిదీ తొమ్మిదీ పట్టుకుని మధ్యలో ఏడు కోసం చూశారంటే, మీ డబ్బులు మీరే ఎదురువెళ్ళి ఇచ్చొచ్చినట్టు.

ఇంకోటి. మీకు ముక్కలు పడేయడం చేతకాదు. రమ్మీలో డ్రాప్ అంటే పాయింట్లు పోతాయి కాబట్టి నామోషీ. ఇక్కడ మీ వంతు బలవంతపు పందెం కాకపోతే, పడేసినందుకు ఒక్క పెన్నీ పోదు. పది చేతులొస్తే ఏడెనిమిది పడేయాలి. టీ తాగుతూ పడేయండి. మీరు అందరికంటే ముందు పందెం చెప్పాల్సిన చోట కూర్చుంటే ఆసులో రాజులో జతగా ఉంటేనే దిగండి. అందరి తర్వాత చెప్పే చోట ఉంటే, ముందువాళ్ళంతా తప్పుకున్నారనుకోండి, తొమ్మిదుల జత కూడా చాలు.

జత ఉంటే మిగతా మూడూ మార్చేయండి. ఆసు బాగుంది కదా అని మూడోదాన్ని అట్టిపెట్టుకోకండి. ఎదుటివాళ్ళ ముక్కలు కనపడవు గానీ ఎన్ని మార్చారో కనపడుతుంది, ఈ ఆటలో తెలిసేదల్లా అదే. మూడు మార్చినవాడి దగ్గర జత ఉంది. రెండు మార్చినవాడి దగ్గర మూడు ఒకే అంకెవి ఉండొచ్చు, జాగ్రత్త. ఒకటి మార్చినవాడికి రెండు జతలైనా ఉండాలి, లేదా దేనికోసమో ఆశపడుతున్నాడు. ఒక్కటీ మార్చనివాడికి అన్నీ ఉన్నాయి, లేదా ఏమీ లేవు. మీరు మాత్రం ఆ ఏమీ లేకుండా బెదిరించే పని పెట్టుకోకండి. రెండు పెన్నీల దగ్గర ఎవడూ బెదరడు. చూసిపోదామని అందరూ వస్తారు.

మీరు ఏ పేరుతో ఆడుతున్నారు? నేనూ ఆ బల్లకి వస్తాను. మాట్లాడుకోవడానికి అక్కడ ఏమీ ఉండదట, అయినా ఎదురుగా కూర్చున్నట్టే కదా. నా పేరు మిరపకాయ్. ఎక్కడిదో మీకు తెలుసు. ఇంకో పేరు తోచలేదు.

మీ
వల్లి


బేసింగ్‌స్టోక్,
అక్టోబరు 19

అమ్మా వల్లీ,

నా ఆట పేరూ సైటు పేరూ కార్డు మీద రాసి పంపాక నాలుగు శనివారాలు అయ్యాయి. మూడయ్యేసరికి టీ పెట్టుకుని కూర్చుంటున్నాను. ‘రిటైర్డ్ కోబాల్’కి ఎదురుగా ‘మిరపకాయ్’ అని పేరు వెలగ్గానే నాకు తెలియకుండానే ‘వచ్చావా తల్లీ’ అనేస్తున్నాను. చెవిలో మిషను పెట్టుకోనప్పుడు ఎంత గట్టిగా అంటున్నానో! పక్కింటి ఆవిడ మొన్న ‘అంతా బాగానే ఉందా మిస్టర్ రావ్’ అని తలుపు కొట్టింది.

నువ్వు చెప్పినట్టే పడేస్తున్నాను. మొదట ప్రాణం గిజగిజలాడింది. ఇప్పుడు పడేయడంలోనే ఒక దర్జా ఉంది. నిన్నటి ఆట గుర్తుందా? నా దగ్గర పదుల జత. మూడు మార్చాను, ఏమీ రాలేదు. నువ్వు రెండే మార్చావు. అమ్మో, మూడు ఒకేలాంటివి ఉన్నట్టున్నాయి అనుకున్నాను. కానీ నీ గురించి నాకు తెలుసు కదా, ఆసుని వదల్లేక పట్టుకుని ఉంటావని తోచి, ధైర్యం చేసి పందెం వేశాను. పడేశావు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అరవై తొమ్మిదేళ్ళవాడికి ఇలాంటివి ఇంకా ఉంటాయని అనుకోలేదు.

పది పౌన్లలో కరిగింది మళ్ళీ నిండింది. ఇంట్లో అంతా మామూలే. అప్పుడప్పుడు చుట్టాలొస్తున్నారు. హర్ష బాగానే ఉన్నాడు. వాడి గురించి నువ్వు అడగవు, నేను అంతకంటే రాయను.

మావయ్య


హేస్,
నవంబరు 9

మావయ్య గారికి,

ఎంత పట్టేశారండీ నన్ను! అవును, ఆ రోజు జతతో పాటు ఆసు అట్టిపెట్టుకున్నాను. మీకు వద్దని చెప్పి నేనే చేశాను. మీరు పందెం వేసిన తీరుకి భయం వేసింది. ఇప్పుడు మీకు నా సలహాలు అక్కర్లేదు, ఇంకో నెల పోతే నేనే ఫీజు కట్టి నేర్చుకోవాలి.

ఇక్కడ పని ఎక్కువైంది. క్రిస్మస్ ముందు ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్లలో ఎలా ఉంటుందో చెప్పలేను. పెట్టెలు పైకప్పు దాకా, ఆఫీసులో మేము వాటి కాగితాల కింద. డ్యూటీల రోటాలో నాకు శనివారం మధ్యాహ్నాలు పడ్డాయి. బతిమాలి ఆదివారం పొద్దుటికి మార్పించుకున్నాను. మాతో పనిచేసే శ్రీకర్ అని వరంగల్ అబ్బాయి ఒకడున్నాడు, మంచివాడు. ‘విండ్సర్ పోదామంటె రావు, సినిమాకంటె రావు. ఒక్క శనివారమన్న ఖాళీ ఉండవా నువ్వు?’ అని మొహం మీదే అడిగాడు. పేకాడుకోవాలని ఎలా చెప్పను? ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాలని చెప్పాను. అబద్ధం కాదు కదా.

మావయ్య గారూ, బేసింగ్‌స్టోక్‌లో మనకి చుట్టాలు ఎవరూ లేరు. ఆరేళ్ళలో ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు, అత్తయ్య పోయినప్పుడు వచ్చినవాళ్ళే. ఈ అప్పుడప్పుడు వచ్చే చుట్టాలు ఎవరు?

వల్లి


బేసింగ్‌స్టోక్,
నవంబరు 30

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేచిపోవడం. ఆ రెండు శనివారాలూ నువ్వు బల్ల దగ్గరికి వచ్చావు, నేనూ వచ్చాను. అడగడానికి అక్కడ నోరు లేదు కాబట్టి తప్పించుకున్నాను.

ఆ అమ్మాయి పేరు అనూష. ఇక్కడే స్లౌలో పుట్టి పెరిగింది. హర్ష ఆఫీసే. వచ్చే ఏప్రిల్లో రిజిస్టర్ మ్యారేజీ. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది. చెడ్డది కాదు వల్లీ. చెడ్డదైతే నాకు సుఖంగా ఉండేది. చెవి వినపడదని తెలిసి నా ఎడమవైపు కూర్చుని మాట్లాడుతుంది.

నీకు చెప్పకూడదని కాదు. ఎలా చెప్పాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే, చెబితే నువ్వు శనివారాలు రావని భయం. వాడికి పెళ్ళాం వస్తుంది, సంతోషమే. నాకు కోడలు వస్తుందంటే మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. నా కోడలు హేస్‌లో ఉంది కదా అనిపిస్తుంది.

నువ్వు వస్తావా రావా అన్నది నీ ఇష్టం. మూడింటికి నేను ఉంటాను.

మావయ్య


హేస్,
డిసెంబరు 7

మావయ్య గారికి,

వచ్చాను కదా. మీరు చూశారు కదా.

నాకు సంతోషమే. రెండు రోజులు ఏడ్చాను, మూడో రోజు ఆఫీసుకి వెళ్ళాను. హర్షకి ఎవరో ఉన్నారని నాకు ముందే తోచింది, పేరు తెలిశాక మాత్రం తట్టుకోలేకపోయాను. వంటింట్లో పోపులడబ్బా ఆవిడ ఎక్కడ పెట్టిందో మాత్రం నాకు రాయకండి.

నిన్న మీరు రెండు జతలతో నాలుగుసార్లు పెంచారు. అది సరికాదు. రెండు జతలు చూడటానికి గొప్పగా ఉంటాయి గానీ చిన్న అంకెలవైతే ఒక్కసారి పెంచి ఊరుకోండి. చలి బాగా ఉంది, ఫ్లూ టీకా వేయించుకోండి.

వల్లి


బేసింగ్‌స్టోక్,
ఫిబ్రవరి 11

శ్రీవల్లి గారికి,

మీ ఖాతా కూడా మూసేసి ఉంటారు కాబట్టి సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి.

పోయిన వారం మంగళవారం సైటువాళ్ళ మెయిలొచ్చింది. తెలిసినవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరినొకరు గెలిపించుకోవడం నేరమట. ‘రిటైర్డ్ కోబాల్’, ‘మిరపకాయ్’ అనే ఇద్దరు ఆటగాళ్ళ చేతులు కొన్ని నెలలుగా పరిశీలించామనీ, ఇద్దరినీ శాశ్వతంగా తీసేస్తున్నామనీ రాశారు. నేను ఊరుకోలేదు. మా ఇద్దరిలో ఎవరూ మోసగాళ్ళు కాదు, రుజువులు చూపించమని నిలదీశాను. పంపించారు. ఆడిన ప్రతి ఆటా, ప్రతి ముక్కా. పాత ఉద్యోగం అలవాటు, లైను లైనూ చదివాను.

అక్టోబరులో నా పదుల జతకి మీరు పడేసింది మూడు రాణులు. ఆసు కాదు. మూడు రాణులు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డది దానికి. నవంబరులో అయిదూ ఒకే రంగు ముక్కలు వచ్చి కూడా నా రెండు జతలకి పడేశారు. అలాంటివి ఎన్నో. ఆసులు ఉన్నా, రాజులు ఉన్నా, నేను పందెం వేస్తే చాలు మీరు తప్పుకున్నారు. బల్ల దగ్గర మిగతావాళ్ళందరినీ మాత్రం చీల్చి చెండాడారు. బాగా ఆడతారు మీరు. అది కూడా ఇప్పుడే తెలిసింది.

క్రిస్మస్ భోజనాల దగ్గర హర్షకీ అనూషకీ గొప్పగా చెప్పుకున్నాను. ఈ వయసులో ఒక విద్య పట్టుబడిందని. వాళ్ళు చప్పట్లు కొట్టారు. అదంతా మీరు పోసిన వేరుశనగ గుళ్ళు. చెవి పోయింది, పెళ్ళాం పోయింది, ఇంట్లో నా మాటకి విలువ పోయింది, నా బుర్ర ఒక్కటి ఉందనుకున్నాను. ముసలాడికి అన్నం ముద్దలు కలిపి పెట్టినట్టు ఆట కలిపి పెట్టారు. నా మీద జాలిపడని మనిషి మీరొక్కరే అనుకుని ప్రతి శనివారం టీ పెట్టుకుని కూర్చున్నాను.

మెయిలు టాబ్లెట్లో కూడా మోగింది. హర్ష చూశాడు. నేను పెన్నీల ఆట ఆడతానని వాడికి తెలుసు, ఎవరితోనో తెలియదు. మిరపకాయ్ అన్న పేరు చదివి టాబ్లెట్ బోర్లా పెట్టేశాడు. ఆ పేరు పెట్టి పిలిచింది వాడే కదా.

సూర్యప్రకాశరావు


హేస్,
ఫిబ్రవరి 15

మావయ్య గారికి,

నన్ను తిట్టండి. ఏం అన్నా పడతాను. ‘శ్రీవల్లి గారికి’ అని మాత్రం రాయకండి. కవరు విప్పి ఆ మొదటి మాట చూసి, ఇంకెవరో చనిపోయారనుకున్నాను.

అవును, పడేశాను. మొదటి శనివారం నుంచీ పడేశాను. పది పౌన్లు అయిపోతే ఆట కట్టేస్తానని అత్తయ్య ఫొటో ముందు అనుకున్నానని మీరే రాశారు. మీ మాట నాకు తెలుసు. అనుకున్నారంటే కట్టేస్తారు. అప్పటికి సగమే మిగిలింది. ఆ సగం ఎవరి చేతిలో పోతుందో నాకెందుకు, నా చేతిలో మాత్రం పోకూడదనుకున్నాను. ఆ డబ్బులు అయిపోతే శనివారం మూడింటి ఆట అయిపోతుంది. దాని తర్వాత నాకు ఆ ఇంట్లోకి ఏ దారీ లేదు.

ఇంకా ఒకటుంది, మీకు నవ్వొస్తుంది. మీ ముందు నేను ఏనాడూ కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేదు. మీరు భోజనం చెయ్యకుండా నేను చెయ్యలేదు. అలాంటిది మీ ముందున్న పెన్నీలు గీసుకుని నా వైపు ఎలా లాక్కోను? మూడు రాణులు చేతిలోకి వచ్చినప్పుడు నిజంగానే గుండె గుభేలుమంది, ఇప్పుడు మావయ్య గారి మీద పందెం వెయ్యాలా అని. పెద్దవాళ్ళ మీద గెలవకపోవడం నాకు మర్యాద. ఆ సైటువాళ్ళకి అది మోసమట. నిజంగా నాకు తెలియదు.

జాలి కాదు మావయ్య గారూ. ఆ రికార్డులు మళ్ళీ తీయండి. నేను లేని చేతులు చూడండి, మిగతా నలుగురి మీద మీరు ఆడినవి. అక్కడ మీకోసం ఎవరూ పడేయలేదు. జనవరిలో ఎవరో ఒకడు ఒక్క ముక్కా మార్చకుండా మీమీద పెంచుకుంటూ పోతే, వాడివి ఉత్త బెదిరింపులని పట్టేసి మీరు రాజుల జతతో నిలబడి గెలిచారు. నేను ఇక్కడ ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టాను. మీకు విద్య పట్టుబడింది. నేనే నమ్మలేకపోయాను, భయంతో.

ఒక్కసారి రండి. రెడింగ్‌లో ట్రైన్ మారితే నేరుగా హేస్. లేదంటే నేనే వచ్చి బేసింగ్‌స్టోక్ స్టేషన్లో కాఫీ షాపులో కూర్చుంటాను. కొత్త పేక కట్ట తెస్తాను. ఈసారి మీమీద నిజంగా ఆడతాను, ఒట్టు. మీరు ఎడమవైపు కూర్చోమంటే ఎడమవైపు కూర్చుంటాను. ఇలా ముగిసిపోనివ్వకండి.

మీ
వల్లి


బేసింగ్‌స్టోక్,
మార్చి 8

అమ్మా వల్లీ,

నువ్వు చెప్పిన చేతులు మళ్ళీ చూశాను. నిజమే. నువ్వు లేనప్పుడు కూడా ఫరవాలేదు, మొత్తం మీద కొంచెం నెగ్గాను. ఎవరికీ చూపించకుండా రెండోసారి చూసుకున్నాను. నిన్ను గారూ అన్నందుకు నా చెయ్యి పడిపోవాలి.

పోయిన ఆదివారం అనూష పేక కట్ట కొనుక్కుని వచ్చింది. నా ఎడమవైపు కూర్చుని, ‘అంకుల్, ప్లీజ్ నాకు నేర్పండి, ఐ యామ్ రబ్బిష్ ఎట్ కార్డ్స్’ అంది. తెలుగులో ఒక్క వాక్యం చెప్పడానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో! ఆ ఆట వల్లిది, అడగకుండా ఎలా నేర్పనని లోపల అనుకుని, తలనొప్పి అని లేచిపోయాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ముక్కలు మళ్ళీ పెట్టెలో సర్దుకుంది. నీ మొహం అలా చిన్నబోయిన రోజులు నేను ఎన్ని చూసి ఊరుకున్నానో అనిపించి, ఆ మధ్యాహ్నమంతా బాగాలేదు.

హర్షకి చెప్పాను, హేస్ వెళ్ళి నిన్ను చూస్తానని. దాచిపెట్టి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఈసారి వాడు మేడమీదికి పోలేదు. కూర్చున్నాడు. ‘తనని వదిలేసింది నేనే నాన్నా, తప్పు నాదే. కానీ నువ్వు వదలట్లేదు. నువ్వు పట్టుకుని ఉన్నంతకాలం తను ఈ ఇంటి కోడలే. తను ఇంకెక్కడికీ వెళ్ళదు’ అన్నాడు. చాలా కోపం వచ్చింది. నీకేం తెలుసురా అని అరిచాను. తర్వాత నీ నవంబరు ఉత్తరం తీసి, రోటా మార్పించుకున్నాననీ, ఆ వరంగల్ అబ్బాయికి కాదన్నాననీ రాసిన చోట చదివాను. నువ్వు ముక్కలే పడేస్తున్నావనుకున్నాను నేను.

నాకు తెలియడం లేదు తల్లీ. వాడు చెప్పింది అబద్ధమని నువ్వు రాస్తే చాలు, వచ్చే శనివారమే ట్రైన్ ఎక్కుతాను. వాడు ఏమనుకున్నా సరే. రమ్మంటే వస్తాను.

మావయ్య


హేస్,
మార్చి 15

మావయ్య గారికి,

రాకండి.

ఈ ఒక్క మాట రాయడానికి అయిదు రోజులు పట్టింది. మొదట ‘రండి’ అని రాసి, కవరు మీద స్టాంపు కూడా అంటించి, పోస్టుబాక్సు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

హర్ష చెప్పింది నిజం. ఆరేళ్ళలో నా గురించి అతను సరిగ్గా చెప్పిన మాట ఇదొక్కటే, అదీ మీతో చెప్పాడు. శనివారం మధ్యాహ్నం రెండు గంటల సేపు నేను విడిపోయినదాన్ని కాను. మీరు హాల్లో ఉన్నారు, నేను వంటింట్లో ఉన్నాను, అత్తయ్య ఫొటో గోడమీద ఉంది, అతను బ్యాడ్మింటన్‌కి వెళ్ళాడు, వచ్చేస్తాడు. మూడు నుంచి అయిదు దాకా అలా బతికాను. అయిదింటికి బల్ల మూసేస్తే మళ్ళీ మొదటి నుంచి విడిపోయినట్టే ఉండేది. ప్రతి వారం. మీ పెన్నీలు కాపాడుతున్నానని మీకు రాశాను. అది నిజమే గానీ, కాపాడుకున్నది నా కుర్చీని. స్టేషన్లో మిమ్మల్ని చూస్తే ఇంకో కుర్చీ వేసుకుంటాను, నాకు తెలుసు.

శ్రీకర్ సంగతి నాకింకా తెలియదు. వెళ్ళి చూస్తాను, నచ్చకపోతే వచ్చేస్తాను. అతని కోసం మాత్రం ఇది రాయడం లేదు.

అనూషకి నేర్పండి. ఆట నాది కాదు, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు హేస్‌లో ఒకే ఇంట్లో ఉన్న అయిదుగురం దొరికిన చిల్లరతో నేర్చుకున్నది, మాలో ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. తనకి రమ్మీ తెలియదు కాబట్టి మీ కంటే తొందరగా వస్తుంది. జతతో మూడో ముక్క అట్టిపెట్టుకుంటుంది చూడండి, కొత్తవాళ్ళందరూ అట్టిపెట్టుకుంటారు, తిట్టకండి. మీకు మర్యాద ఇచ్చి తను పడేసిందనుకోండి, ముక్కలు తిప్పి చూపించమనండి. తనని గెలవనివ్వండి. మీరు నా దగ్గర ఓడిపోవాల్సినవన్నీ తన దగ్గర ఓడిపోండి. అది మీకు కష్టం కాదు, ఎదురుగా మనిషి నవ్వుతూ ఉంటుంది కదా. నాకు ఆ నవ్వు ఇవ్వడం చేతకాలేదు.

మీ చెవి మిషనుకి బ్యాటరీలు వారానికోసారి మార్చాలి, మీరు మర్చిపోతారు. తనకి చెప్పి ఉంచండి.

ఈ ఉత్తరానికి జవాబు రాయకండి మావయ్య గారూ. మీరు రాస్తే, నేను మళ్ళీ రాస్తాను.

వల్లి